ఇనుప యంత్రమునకు జీర్ణోద్ధరణము

దేవాలయము శిథిలమైనపుడు దానిని కూలద్రోసి క్రొత్తది కట్టుట ఒక పద్ధతి. నిలువగల గోడను నిలిపి, కదలిన రాతిని సరిచేసి, పుచ్చిన దూలమును మాత్రము మార్చి, మూలవిరాట్టును కదలింపకుండ గుడిని మరల నిలుపుట వేరొక పద్ధతి. ఈ రెండవదానికే మన పెద్దలు జీర్ణోద్ధరణమని పేరిడిరి. ఈ మాట గుడికే గాక యంత్రమునకును వర్తించును. అరిగి ఆగిపోయిన పాత మోటారు సైకిలు ఇంజనును తిరిగి నడపించు విద్యనుగూర్చియు, ఆ విద్య విజయవాడలోను కృష్ణా డెల్టాలోను ఎట్లు వేరూనినదో ఆ చరిత్రనుగూర్చియు ఈ ప్రసంగమున మనవి చేసెదను.

ముందుగ ఇంజను స్వభావము నెరుగవలెను. ఆవిరి యంత్రమున నిప్పు ఒకచోట, పని వేరొకచోట. బాయిలరు క్రింద బొగ్గు మండును. ఆవిరి గొట్టము వెంట పోయి సిలిండరులోని పిస్టనును త్రోయును. మోటారు ఇంజనులో నిప్పు సిలిండరు లోపలనే పుట్టును. 1876లో జర్మనీ దేశమున నికొలాస్ ఆటో అను నాతడు నాలుగు అడుగుల క్రమమున నడచు ఇంజనును చేసి చూపెను. పిస్టను మొదట క్రిందికి దిగుచు గాలిని, ఇంధనమును పీల్చుకొనును. పిదప పైకి వచ్చుచు దానిని అదుమును. నిప్పు తగిలినంతనే పుట్టిన మంట పిస్టనును క్రిందికి త్రోయును. నాలుగవసారి అది పైకి వచ్చుచు పొగను బయటికి నెట్టివేయును. ఈ నాలుగింటిలో బలము నిచ్చునది ఒక్కటే. తక్కిన మూడును బరువైన చక్రము యొక్క విసురుచే సాగును.

1885లో డైమ్లరు, మేబాకు అను ఇరువురు ఇట్టి చిన్న ఇంజనును కొయ్య చట్రముగల రెండు చక్రముల బండికి అమర్చిరి. మోటారు సైకిలునకు అది తొలి రూపము. ఇంగ్లండులోని రెడ్డిచ్ పట్టణమున రాయల్ ఎన్‌ఫీల్డు కంపెనీవారు 1901లో తమ మొదటి మోటారు సైకిలును చేసిరి. తరువాత 1932లో వారు తమ బండ్లలో నొకదానికి బుల్లెట్ అను పేరు పెట్టిరి. ఆ పేరు మన పల్లెలలో నేడు పిల్లలకు సైతము తెలిసినదే.

ఈ బండ్లు మన సీమకు వచ్చునాటికి ఇచ్చట ఇనుము నెరిగిన చేతులు లేకపోలేదు. సర్ ఆర్థర్ కాటన్ సూచన ననుసరించి, కెప్టెన్ ఓర్ పర్యవేక్షణమున బెజవాడయొద్ద కృష్ణకు కట్టిన ఆనకట్ట 1852లో మొదలై 1855లో పూర్తి యయ్యెను. ఆనకట్టతో కాలువలు వచ్చెను. కాలువలతో లాకులు, తలుపులు, మరలు వచ్చెను. వానిని బాగుచేయు పని వచ్చెను. 1893 నాటికి కృష్ణపై రైలు వంతెన నిలిచి, బెజవాడ గొప్ప జంక్షను అగుటకు మార్గ మేర్పడెను. రైలింజనుల షెడ్డులో పనిచేసిన ఫిట్టరులు కొలబద్దను, ఆకురాయిని, బేరింగును ఎరిగినవారు. ఆ తరువాత డెల్టా ధాన్యమును దంచుటకు బియ్యపు మిల్లులు లేచెను. వానిలో ఆవిరి యంత్రములును, పిమ్మట ఆయిలింజనులును నడచెను.

మిల్లు ఇంజను కోతల దినములలో ఆగిన ఏమగును? కళ్లములోని ధాన్యము మిల్లు వాకిట బస్తాలుగా పడియుండును. బండ్లు వచ్చి వెనుదిరుగును. విరిగిన భాగము మద్రాసునుండియో, సముద్రముల కావలినుండియో వచ్చువరకు ఎవ్వరును వేచియుండజాలరు. కావున ఉన్న భాగమునే లేతుపై పెట్టి చెక్కి, అరిగినచోట ఇత్తడి బుష్షు వేసి, సీసమును తగరమును కలిపిన తెల్లలోహమును కరగించి బేరింగునకు పోసి, మరునాటికి మిల్లును తిప్పుట పనివానికి అవసర మయ్యెను. అవసరమే అతనికి గురువు.

ఇంతకంటెను పూర్వపు గురువొకడు మన పల్లెలలోనే కలడు. అతడు కమ్మరి. బండిచక్రమునకు ఇనుప పట్టా ఎక్కించు తీరు పెద్దలందరు చూచినదే. పట్టా చుట్టుకొలత పూటీల చుట్టుకొలతకంటె కొంచెము తక్కువగ నుండునట్లు అతడు దానిని అతుకును. తరువాత పిడకల మంటలో కాల్చును. వేడిచే పట్టా విచ్చుకొనును. ఎఱ్ఱగ నున్నప్పుడే దానిని చక్రముపై దింపి నీళ్లు చల్లును. చల్లారి ముడుచుకొన్న పట్టా పూటీలను, ఆకులను, కుండను ఒక్కటిగ బిగించును. మేకు లేదు, జిగురు లేదు. వేడికి పెరిగి చలికి తగ్గు లోహగుణమే ఆ చక్రమును కట్టియుంచును. మోటారు ఇంజనులో బేరింగు నెక్కించుటకును, సిలిండరులో క్రొత్త గొట్టమును దించుటకును ఆధారము ఈ సూత్రమే. కమ్మరి కొలిమికిని మోటారు షాపునకును నడుమ మన మనుకొనునంతటి దూరము లేదు.

రెండవ ప్రపంచయుద్ధము 1945లో ముగిసిన పిమ్మట సైన్యమువారు వదలుకొన్న మోటారు బండ్లు దేశమున పలుచోట్ల అమ్ముడుపోయెను. బి.ఎస్.ఏ., నార్టన్ మొదలగు బండ్లు కొందరి చేతికి చిక్కెను. స్వరాజ్యము వచ్చిన తరువాత విదేశపు సరకునకు అనుమతులు కఠినమయ్యెను. బండి ఉన్నది, భాగము లేదు. అదియే నాటి స్థితి. 1955లో మద్రాసు మోటార్సు సంస్థ రెడ్డిచ్ కంపెనీతో కలిసి ఎన్‌ఫీల్డు ఇండియాను నెలకొల్పగా, మద్రాసు చెంతనున్న తిరువొత్తియూరున బుల్లెట్ల తయారీ సాగెను. మైసూరులో ఐడియల్ జావా సంస్థ 1961 మొదలుకొని 1996 వరకు జావా, యెజ్డీ బండ్లను చేసెను. ఎస్కార్ట్స్ సంస్థ 1962 నుండి రాజ్‌దూత్ బండిని తెచ్చెను. రెడ్డిచ్ కర్మాగారము 1967లో మూతపడెను. తల్లి చెట్టు పడిపోయినను నాటిన కొమ్మ బ్రతికెను. 1977లో మద్రాసు బుల్లెట్లు తిరిగి ఇంగ్లండునకే ఎగుమతి యయ్యెను.

విజయవాడలో లారీలును బస్సులును పెరిగినకొలది మరమ్మతు షాపులు ఊరి వీధులలో ఇముడవయ్యెను. 1966లో పటమట ప్రాంతమున జవహర్ ఆటోనగరము ఏర్పడెను. లారీలకు బాడీలు కట్టువారు, లేతు పనివారు, వెల్డింగు చేయువారు, పట్టీలు వేయువారు, రేడియేటరులు అతుకువారు, సిలిండరులు బోరు చేయువారు ఒక్కచోట చేరిరి. దీనివలన కలిగిన మేలు గమనింపదగినది. ఒక ఇంజనునకు కావలసిన పది పనులను పది విద్యలు తెలిసిన పదిమంది కాలినడక దూరమున నుండి చేయగలిగిరి. లారీకొరకు వెలసిన ఈ విద్యనే మోటారు సైకిలు వాడుకొనెను. ఒంటి సిలిండరు బుల్లెట్ ఇంజను లారీ ఇంజను ముందు చిన్నపిల్లవంటిది. పని మాత్రము ఒక్కటే.

ఇక ఆ పని ఎట్టిదో చూతము. పాత ఇంజనును నిలుపు పనిలో మొదటి మెట్టు విప్పుట కాదు, చూచుట. చమురు ఎచ్చట కారినది, కిక్కు కొట్టిన అదుము తగులుచున్నదా, పొగ నీలమా నలుపా అనునవి విప్పకమునుపే తెలిసికొనవలెను. నీలపు పొగ ఇంజనాయిలు మండుటకు గుర్తు; నల్లపొగ పెట్రోలు ఎక్కువగుటకు గుర్తు. వైద్యుడు నాడి చూడక కత్తి పట్టడు గదా. విప్పునప్పుడు ఏ మర ఏ రంధ్రములోనిదో, ఏ వాషరు ఎటువైపు ఉన్నదో వ్రాసికొని, వేరువేరు డబ్బాలలో పెట్టుట నిదానస్థుని లక్షణము.

రెండవ మెట్టు కొలుచుట. 350 బుల్లెట్ సిలిండరు లోపలి వ్యాసము 70 మిల్లీమీటరులు; పిస్టను నడక 90 మిల్లీమీటరులు; లోపలి చోటు 346 ఘన సెంటీమీటరులు. పాత బుల్లెట్ సిలిండరు పోత ఇనుముది. అది అరుగునప్పుడు అన్ని దిక్కుల సమముగ అరుగదు. మంట బలము పిస్టనును ముందు వెనుకల గోడలకు ఒత్తును గాన ఆ దిక్కున ఎక్కువగ అరిగి, గుండ్రని రంధ్రము కోడిగ్రుడ్డువలె అగును. పై అంచున, రింగు చేరని చోట, అరుగని గట్టు మిగులును. కాబట్టి పైన, నడుమ, క్రింద మూడుచోట్లను, ఒక్కొక్కచోట రెండు దిక్కులను కొలువవలెను. వ్రేలుతో తడవి చూచి బాగున్నదనుట కొలత కాదు.

అరిగిన సిలిండరును పారవేయ నక్కరలేదు. దానిని కొంచెము పెద్దదిగ చెక్కి, దానికి తగిన పెద్ద పిస్టనును వేయుదురు. దీనినే రీబోరు అందురు. అంగుళమును వేయి భాగములు చేసిన అందులో 20 భాగములు, అనగా సుమారు అర మిల్లీమీటరు, మొదటి మెట్టు. 40, 60 తరువాతి మెట్లు. అంతకు మించి అరిగినచో ఆ గోడను ఇంకను చెక్కి, లోపల క్రొత్త ఇనుప గొట్టమును దించి, దానిని మరల మొదటి కొలతకు తెత్తురు. ఇచ్చట తెలిసిన పనివాడు పాటించు నియమమొకటి కలదు. పిస్టను ముందు చేతికి రావలెను. బోరు తరువాత చేయవలెను. పెట్టెపై వ్రాసిన అంకె కాదు, చేతిలోని పిస్టను కొలతయే ప్రమాణము. తలుపు సిద్ధమైన పిదప ద్వారబంధమును సరిచూచు వడ్రంగి తెలివి ఇట్టిదే.

రింగుల పని అటువంటిదే. రింగు చుట్టులో చిన్న సందు ఉండవలెను. అంగుళము వ్యాసమునకు వేయింట 4 భాగముల చొప్పున లెక్కించిన బుల్లెట్ సిలిండరునకు సుమారు 11 భాగములు, అనగా మిల్లీమీటరులో నాలుగవ వంతుకంటె కొంచెము హెచ్చు సందు వచ్చును. సందు లేనిచో వేడికి పెరిగిన రింగు కొనలు ఒకదానినొకటి త్రోసికొని, గోడను గీరి, తాము విరుగును. సందు మితిమీరిన మంట క్రిందికి జారిపోవును. లోహమునకు పెరుగుటకు చోటు నిడుట ఇంజను పనిలో ప్రధానమైన మర్యాద.

క్రింది భాగమున క్రాంకు పెట్టె అల్యూమినియముది, బేరింగు ఉక్కుది. వేడికి అల్యూమినియము ఉక్కుకంటె సుమారు రెండింతలు పెరుగును. కావున బేరింగును సుత్తితో కొట్టి తీయరాదు. నీటిబొట్టు చల్లిన సుయ్యిమని ఆరునంతవరకు పెట్టెను అంతటను సమముగ వేడిచేసినచో బేరింగు తానే వదలును. క్రొత్తది దించునప్పుడును అట్లే. కమ్మరి పట్టాను కాల్చినది ఈ కారణముననే గదా. సుత్తితో తొందరపడినవాని చేతిలో పెట్టె పగిలిన, బేరింగు ఖర్చుతో పోవలసినది పెట్టె ఖర్చుగ మారును.

పాత బుల్లెట్ ఇంజనులో కనెక్టింగు రాడ్డు పెద్ద కన్నునకు బంతులు గాని రోలరులు గాని లేవు. నడుమ తేలుచు తిరుగు బుష్షు ఒకటి కలదు. దానికి ప్రాణము చమురు. చమురును పంపుటకొక పంపు, తిరిగి తెచ్చుట కొక పంపు కలవు. కొన్ని యేండ్లు పనిలేక నిలిచిన బండిలో చమురు దారులు మడ్డిచే మూసికొనియుండును. పైన క్రొత్త పిస్టను వేసి, క్రింది దారులను శుభ్రము చేయక నడపుట, క్రొత్త ఇంటికి పాత బూడిద గొట్టమును తగిలించుటవంటిది. క్రొత్త లోహమునకు కొద్ది దినములలోనే ముప్పు వచ్చును.

వాల్వులు తమ పీఠములపై సరిగ కూర్చుండవలెను. రాపుడు పేస్టు వేసి చేతితో త్రిప్పి రాచి, పిమ్మట కిరసనాయిలు పోసి చూచుట పాత పరీక్ష. బొట్టు కారనిచో పీఠము కుదిరినది. చివర హెడ్డు మరలను ఒకదాని వెంట నొకటిగ చుట్టుగ బిగింపక, ఎదురెదురుగ కొంచెము కొంచెముగ బిగించుట నియమము.

ఇచ్చటనే కొంత విచారణ అవసరము. ఏది నిలుపవలెను? ఏది మార్చవలెను? అన్నిటిని నిలుపుదుమనుటయు మూఢత్వమే. కృష్ణ ఆనకట్ట సుమారు నూరేండ్లు మనకు అన్నము పెట్టి 1952లో గండిపడెను. దానికి మారుగ కట్టిన ప్రకాశము బ్యారేజీ 1957లో ప్రారంభమయ్యెను. సేవచేసి అలసిన దానిని మార్చుట తప్పు కాదు. రింగులు, గాస్కెట్లు, రబ్బరు సీళ్లు, చిట్లిన వాల్వు స్ప్రింగులు మార్చదగినవి. అయితే పగులు లేని పోత సిలిండరును, మొదటి క్రాంకు పెట్టెను, మొదటి హెడ్డును "పాతది" అను ఒక్క కారణమున పాత ఇనుము కొట్టునకు తూచివేయుట వేరు సంగతి. పాత పోత అచ్చును మరల తెచ్చుట సులభము కాదు. ఇనుప సిలిండరు బుల్లెట్ ఇంజను తయారీ 2010 ప్రాంతమున ఆగిపోయెను. ఉన్నవి తగ్గుచుండునే గాని పెరుగవు.

క్రాంకు పెట్టెను కాపాడుటకు ఇంకొక బలమైన కారణము కలదు. ఇంజను నంబరు చెక్కియుండునది దానిమీదనే. రిజిస్ట్రేషను పత్రములో ఇంజను నంబరు, చాసిస్ నంబరు రెండును వ్రాయబడియుండును. మెరుగు పెట్టుదునని ఆ నంబరును ఆకురాయితో గీరినను, పాత పెట్టెను పారవేసి ఎక్కడిదో తెచ్చి వేసినను, బండికిని పత్రమునకును సంబంధము తెగును. అప్పుడు తండ్రి కష్టార్జితమైన బండి కొడుకు చేతిలో ప్రశ్నార్థకమగును. గుడిలో మూలవిరాట్టువలె ఇంజనులో ఈ నంబరు గల పెట్టెను కదలింపరాదు.

1988 మోటారు వాహనముల చట్టము ప్రకారము సొంత బండి రిజిస్ట్రేషను 15 ఏండ్లు చెల్లును. పిమ్మట ఐదేసి ఏండ్లకు మరల చేయించుకొనవచ్చును. 2021లో కేంద్ర ప్రభుత్వము 50 ఏండ్లు దాటిన బండ్లకు వింటేజి రిజిస్ట్రేషను నియమములు చేసెను. వాని నంబరులో వి.ఏ. అను అక్షరము లుండును. ఇట్టి బండిని ప్రదర్శనములకును, ర్యాలీలకును, పరిశోధనకును, పెట్రోలు మరమ్మతుల పనులకును నడుపవచ్చును గాని నిత్యము వాడరాదు, బాడుగకు త్రిప్పరాదు. ఈ నియమములలో మన విషయమునకు ముఖ్యమైన మాట యేమనగా, బండి మొదటి రూపమున నిలిచియుండవలెను. చట్రమునందు గాని ఇంజనునందు గాని రూపు మార్చునంతటి మార్పు జరిగియుండరాదు. మంచి పనివాడు ఎన్నడో ఎరిగిన నీతిని చట్టము నేడు ఒప్పుకొన్నది.

కాలముతో ఇంధనమును మారినది. పూర్వము పెట్రోలులో సీసము కలిపెడివారు. దేశమంతటను 2000 సంవత్సరమున అది తొలగింపబడెను. 2025 నాటికి పెట్రోలులో నూటికి ఇరువది పాళ్లు ఎథనాలు కలుపుట దేశమున వ్యాపించెను. పాత బండ్ల రబ్బరు గొట్టములు, కార్బురేటరు సీళ్లు దీనికొరకు చేసినవి కావు. ఎథనాలు నీటిని పీల్చుకొనును గాన నెలలతరబడి నిలిపియుంచిన బండి ట్యాంకు లోపల తుప్పు పట్టవచ్చును. కాబట్టి పాత ఇంజనును నిలిపినవాడు ఈ గొట్టములను, సీళ్లను తగినవి చూచి మార్చవలెను; నిలిపియుంచునప్పుడు పెట్రోలును తీసివేయవలెను. జీర్ణోద్ధరణ మనగా నాటి రూపమును కాపాడుచు నేటి నీటికి, నేటి నూనెకు దానిని సిద్ధము చేయుట.

ఇంతకును ఇందులో మనకు నష్టపోవునది ఏమున్నదని అడుగవచ్చును. 1980 తరువాత జపాను పొత్తుతో తేలికబండ్లు వచ్చెను. భాగము చెడినచో పెట్టెలోనుండి క్రొత్తది తీసి బిగించుట సులభ మయ్యెను. అది జనులకు మేలే, కాదనరాదు. కాని బిగించుట వేరు, బాగుచేయుట వేరు. బాగుచేయువాడు ఎందుకు అరిగినదని అడుగును. బిగించువాడు అడుగ నక్కరలేదు. అడుగనివాని చేతిలో క్రొత్త భాగమును పాత కారణముననే మరల చెడును. కొలిమినుండి మిల్లునకు, మిల్లునుండి లారీకి, లారీనుండి మోటారు సైకిలునకు చేయిమారి వచ్చిన ఈ విద్య పుస్తకములలో కొంచెము, చేతులలో ఎక్కువ నిలిచియున్నది. చేతులు అలసిన పిమ్మట అది ఎచ్చట నిలుచును?

కావున పెద్దలకు నాలుగు మనవులు. సావిడిలో గాని కొట్టములో గాని పాత బండి పడియున్నచో తూకమునకు వేయకముందు తెలిసినవానికి చూపుడు. దాని పత్రములను, పాత బిల్లులను, ఎన్నడు బోరు చేయించితిరో ఏ కొలతకు చేయించితిరో ఆ వ్రాతను భద్రపరచుడు. తరువాత విప్పువానికి అది జాతకమువలె ఉపయోగపడును. తీసివేసిన పాత భాగములను సైతము గుడ్డలో చుట్టి ఉంచుడు. క్రొత్తదానిని చెక్కుటకు పాతదే నమూనా. ఇంటిలో ఆసక్తిగల పిల్లవాడున్నచో ఆటోనగరమున ఒక మంచి పనివాని దగ్గర కొలబద్ద పట్టుట నేర్పింపుడు.

ఇంజను మరల మ్రోగినంతమాత్రమున పని ముగియదు. క్రొత్త బోరు, క్రొత్త రింగులు ఒకదానినొకటి ఎరుగుటకు కొన్ని వందల మైళ్లు మెల్లగ నడుపవలెను, బరువు వేయరాదు, చమురును త్వరగ మార్చవలెను. క్రొత్త ఎడ్లను ఒక్కసారిగ లోతుదుక్కికి కట్టని రైతునకు ఈ సంగతి వేరుగ చెప్ప నక్కరలేదు.